వీటన్ టెర్రియర్: 16 కిలోల కుక్క, 0.5 అనే అంకె

న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్లింట్లో, పెరటి తలుపు పక్కన మేకుకి ఒక పొడుగు కాడ స్టీలు గరిటె వేలాడుతుంటుంది. కాడకి ఎర్రదారం చుట్టి ఉంటుంది. వంటకి వాడకూడదని గుర్తు. ఏడాదికి రెండుసార్లు, తెల్లవారుజామున, మా అల్లుడు ఆ గరిటె పట్టుకుని చప్పుడు కాకుండా కుక్క వెనకాల నడుస్తాడు. అది గడ్డిలో కూర్చోగానే మొదటి ధార పోనిచ్చి, నడిమి ధారకి గరిటె చాపుతాడు. నాలుగు చెంచాల మూత్రం దొరికితే చాలు. శుభ్రమైన సీసాలో పోసి, ఆఫీసుకి వెళ్లే దారిలో పశువైద్యశాలలో ఇచ్చేస్తాడు.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. కుక్క చక్కగా తింటోంది, పరుగెడుతోంది, ఉడతని చూస్తే కంచె దాకా దూకుతోంది. జబ్బులేని జీవికి పరీక్ష దేనికని అడిగాను. "జబ్బు కనిపించాక చేస్తే ఈ పరీక్ష వల్ల ఉపయోగం లేదు నాన్నా" అంది మా అమ్మాయి. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ జాతి గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

జాతి పేరు సాఫ్ట్ కోటెడ్ వీటన్ టెర్రియర్. మెత్తని బొచ్చు, పండిన గోధుమ చేను రంగు ఉన్న టెర్రియర్ అని అర్థం. ఇంట్లో పేరు బూరె. ఎనిమిది వారాల పిల్లగా వచ్చినప్పుడు ముదురు వన్నెలో, మూతి నల్లగా, మూకుట్లో ఒక్క నిమిషం ఎక్కువ వేగిన బూరెలా ఉండేదట. మనవరాలు పెట్టిన పేరది. ఏడాది తిరిగేసరికి రంగు పాలిపోయి దాదాపు తెల్లబడింది. రెండేళ్లు దాటాక తేనె రంగుకి వచ్చి నిలిచింది. ఈ జాతిలో అన్నిటికీ ఇంతే. అసలు రంగు స్థిరపడాలంటే 18 నుంచి 24 నెలలు ఆగాలి. పిల్ల రంగు చూసి మోజుపడి కొనుక్కునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

అమెరికాలో మనవాళ్లు కుక్కని తెచ్చుకోవాలనుకుంటే ముందు అడిగేది "బొచ్చు రాలనిది ఏది?" అనే. కార్పెట్లున్న ఇల్లు, తుమ్ములొచ్చే పిల్లలు, ఏటా ఆరు నెలలు వచ్చి ఉండే అమ్మానాన్నలు. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుల్లో వీటన్ పేరు తప్పకుండా ఉంటుంది. జవాబు తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం అంకెల్లో ఉంది.

మధ్యస్థం అంటే ఎంత?

టెర్రియర్ అన్న మాట భూమి అనే అర్థమున్న 'టెర్రా' అనే లాటిన్ పదం నుంచి వచ్చింది. బొరియల వెంటపడి ఎలుకల్నీ కుందేళ్లనీ బ్యాడ్జర్లనీ పట్టడానికి పెంచిన కుక్కలివి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ కుక్క జాతుల్ని 10 వర్గాలుగా విడదీసింది. టెర్రియర్లది మూడో వర్గం. అందులో మొదటి విభాగం పెద్ద, మధ్యస్థ టెర్రియర్లది. మన వీటన్ అందులోనే ఉంది, ప్రమాణ పత్రం సంఖ్య 40.

ఆ పత్రం ప్రకారం మగకుక్క భుజం దగ్గర 46 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తు, 18 నుంచి 20.5 కిలోల బరువు ఉండాలి. ఆడది కొంచెం తక్కువ. అమెరికన్ కెనెల్ క్లబ్ ఆడకుక్కకి 17 నుంచి 18 అంగుళాల ఎత్తు, 30 నుంచి 35 పౌండ్ల బరువు అని రాసుకుంది. బూరె 16 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలో మూడింట రెండొంతులు అనుకోండి. మోకాలికి కాస్త పైకి వస్తుంది. ఆయుర్దాయం 12 నుంచి 14 ఏళ్లు.

ఈ బరువు వేరే చోట లెక్కకొస్తుంది. వీటన్ మనిషిని పలకరించేది కాళ్ల దగ్గర నిలబడి తోక ఊపి కాదు, గాల్లోకి ఎగిరి మొహం నాకి. వీటన్లు పెంచేవాళ్లందరికీ తెలిసిన అలవాటిది, దానికి ప్రత్యేకంగా ఒక పేరు కూడా పెట్టుకున్నారు. 16 కిలోలు ఎగిరొచ్చి రొమ్ము మీద పడితే డెబ్బై ఏళ్ల మనిషి నిలబడలేడు. మా ఆవిడ మొదటి వారంలో రెండుసార్లు గోడ పట్టుకుంది. పిల్లగా వచ్చిన రోజునుంచే, కూర్చుంటేనే పలకరింపు అని ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఎగిరినప్పుడు అరవకూడదు, చేతులతో తోయకూడదు. రెండూ దానికి ఆటే. వీపు తిప్పి నిలబడాలి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనాకే తల నిమరాలి. ఇంట్లో ఒక్కరు మినహాయింపు ఇచ్చినా చేసిందంతా నీళ్లపాలు.

రెండు మార్చి 17లు

ఐర్లాండుకి సొంతమైన టెర్రియర్లు 4 ఉన్నాయి. ఐరిష్ టెర్రియర్, కెర్రీ బ్లూ, గ్లెన్ ఆఫ్ ఇమాల్, వీటన్. వాటిలో వీటన్ రైతు కుక్క. దేశానికి నైరుతి మూలనున్న కెర్రీ, కార్క్ ప్రాంతాల్లో చిన్న కమతాల రైతుల దగ్గర పెరిగింది. ఎలుకల్ని పట్టేది, పశువుల్ని తోలేది, రాత్రి వాకిట్లో కాపలా కాసేది. వేటకుక్కలు జమీందార్లవి. పేదవాడికి దక్కింది ఇదే. అందుకే దాన్ని పేదవాడి వుల్ఫ్‌హౌండ్, అంటే పేదవాడి తోడేళ్ల వేటకుక్క అనేవారు. వంశావళి రాసిపెట్టినవాళ్లు లేరు. పని చేసిన కుక్క పిల్లల్ని పక్కింటివాళ్లు తీసుకెళ్లేవాళ్లు, అంతే.

ఐరిష్ కెనెల్ క్లబ్ పుట్టింది 1922లో. ఈ రైతు కుక్కని జాతిగా గుర్తించింది 1937 మార్చి 17న, ఐర్లాండు పండుగ సెయింట్ పాట్రిక్ రోజున. ఆ దేశంలో ఒకప్పుడు వీటన్‌కి ఛాంపియన్ బిరుదు రావాలంటే ప్రదర్శనలో అందంగా నిలబడితే సరిపోయేది కాదు. ఎలుక, కుందేలు, బ్యాడ్జర్ మీద వేట పరీక్షల్లో నెగ్గాలి. ఇవాళ సోఫా మీద పడుకున్న బూరెకి ఉడత కనిపిస్తే చెవుల్లో మన పిలుపు దూరకపోవడానికి మూలం అక్కడుంది. బయటికి తీసుకెళ్తే తాడు ఉండాల్సిందే. ఎంత బాగా మాట వినే కుక్కయినా సరే.

అమెరికాకి మొదటి వీటన్లు 1946 నవంబరు 24న బోస్టన్ రేవులో దిగాయి. మొత్తం 7 పిల్లలు. అప్పట్లో అక్కడి క్లబ్బు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. 1962లో బ్రూక్లిన్‌లో కొందరు అభిమానులు కలిసి జాతి సంఘం పెట్టుకున్నారు. వాళ్లు ఎంచుకున్న రోజు కూడా మార్చి 17. అమెరికన్ కెనెల్ క్లబ్ గుర్తింపు 1973లో వచ్చింది. ఓడ దిగిన రోజునుంచి దాదాపు 27 ఏళ్లు.

ఈ తేదీలు ఊరికే చెప్పలేదు. ఒక జాతి ఎంత తక్కువ కుక్కలతో మొదలైందో, వాటిలో ఏ కొన్నిటిని ఎక్కువగా వాడారో దాన్నిబట్టి తర్వాతి తరాల రక్తం ఉంటుంది. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాల్లో ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఏడాదికి ఐదు రోజులు దువ్వెనకి

మామూలు కుక్కలకి బొచ్చు రెండు పొరలు. పైన గట్టి వెంట్రుక, లోపల దూది లాంటి నూగు. ఋతువు మారినప్పుడల్లా ఆ నూగు రాలిపోతుంది. వీటన్‌కి లోపలి పొర లేదు. ఉన్న ఒక్క పొరా మన తలవెంట్రుకలా పెరుగుతూనే ఉంటుంది. రాలిన వెంట్రుక నేలమీద పడకుండా పక్క వెంట్రుకల్లో చిక్కుకుంటుంది. అంటే రాలకపోవడం కాదు, రాలింది దాని ఒంటిమీదే ఉండిపోవడం. దాన్ని మనం తీయకపోతే ముడిపడి, ఉండకట్టి, చివరికి చర్మాన్ని లాగే చాపలా తయారవుతుంది.

దువ్వడంలో కిటుకు ఉంది. పైపైన బ్రష్షు లాగితే నిగనిగలాడుతుంది, అడుగున చిక్కు అలాగే ఉంటుంది. మా అమ్మాయి పళ్లు మధ్యస్థంగా ఉన్న స్టీలు దువ్వెన వాడుతుంది. బూరెని పక్కకి పడుకోబెట్టి, ఎడమ అరచేత్తో బొచ్చుని పైకెత్తి పట్టి, కింద చర్మం గీతలా కనిపించేలా పాయ తీస్తుంది. ఆ గీత దగ్గర్నుంచి బయటికి దువ్వి, ఒక వేలెడు బొచ్చు కిందికి వదిలి, మళ్లీ పాయ తీస్తుంది. ఆడపిల్లకి నూనె రాసి జడ వేసే తల్లి చెయ్యే అది. చెవుల వెనక, ముందుకాళ్ల చంకల్లో, మెడపట్టీ ఒరుసుకునే చోట, గడ్డం కింద ఎప్పుడూ చిక్కు ఉంటుంది. అక్కడ దువ్వెన ఆగితే లాగకూడదు. రెండు వేళ్లతో ముడిని విడదీసి, చివరినుంచి మొదలుకి రావాలి. ఒకసారి నొప్పి తెలిస్తే మర్నాడు దువ్వెన చూడగానే మంచం కిందికి దూరుతుంది.

దీనికి రోజుకి 20 నిమిషాలు. లెక్క వేయండి. ఏడాదికి 7,300 నిమిషాలు, అంటే 121 గంటల పైమాట, ఐదు పగళ్లూ ఐదు రాత్రులూ. కుక్క 13 ఏళ్లు బతికితే 66 రోజులు. ఒక ఏడాదిలో రెండు నెలలకి పైగా రాత్రింబవళ్లు దువ్వెన పట్టుకుని కూర్చోవడంతో సమానం. పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే ఏడాది వయసు చుట్టుపక్కల ఇంకా కష్టం. పొద్దున విప్పిన చిక్కు సాయంత్రానికి మళ్లీ కడుతుంది. అప్పుడే చాలామంది విసిగిపోయి పొట్టిగా కత్తిరించేస్తారు. అందులో తప్పేమీ లేదు. చిక్కుల కింద పుండు పడ్డ పొడుగు బొచ్చుకన్నా పొట్టి బొచ్చే నయం. స్నానం నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చాలు, కానీ దువ్విన తర్వాతే పోయాలి. చిక్కు మీద నీళ్లు పోస్తే ముడి బిగుస్తుంది.

ఇక తుమ్ములు. కుక్కవల్ల వచ్చే అలర్జీకి కారణం వెంట్రుక కాదు. దాని లాలాజలంలో, పొట్టులా లేచే చర్మంలో ఉండే ప్రోటీన్లు. వాటిలో ప్రధానమైనదాన్ని శాస్త్రవేత్తలు క్యాన్ ఎఫ్ 1 అంటారు. 2011లో డెట్రాయిట్ పరిశోధకులు కుక్కలున్న 173 ఇళ్లలో దుమ్ము తీసి ఈ ప్రోటీన్‌ని కొలిచి చూశారు. అలర్జీ తేని జాతులని పేరుపడ్డ కుక్కలున్న ఇళ్లలో అది తక్కువగా ఏమీ లేదు. కాబట్టి వీటన్ మీ ఇంట్లో ఊడ్పు తగ్గిస్తుంది గానీ, ఉబ్బసం తగ్గిస్తుందని మాట ఇవ్వలేం. ఇంట్లో అలర్జీ మనిషి ఉంటే, తీసుకోబోయే కుక్క దగ్గరే నాలుగైదుసార్లు, గంటేసి చొప్పున కూర్చుని చూడండి. ఆ కుక్కని, ఆ జాతిని కాదు.

222 కుక్కలు, ఒక తాత

ఇప్పుడు గరిటె దగ్గరికి వద్దాం.

2000లో అమెరికా పశువైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. 1983 నుంచి 1997 దాకా జబ్బుపడ్డ 222 వీటన్ల లెక్క అది. జబ్బు రెండు రకాలు. ఒకదానిలో రక్తంలోని ప్రోటీన్ పేగుల్లోంచి కారిపోతుంది. ఇంకోదానిలో కిడ్నీల్లోంచి కారిపోతుంది. 76 కుక్కలకి పేగుల జబ్బు, 84 కుక్కలకి కిడ్నీల జబ్బు, 62 కుక్కలకి రెండూ. జబ్బు బయటపడిన సగటు వయసు పేగులదైతే 4.7 ఏళ్లు, కిడ్నీలదైతే 6.3 ఏళ్లు. మగవాటికన్నా ఆడవాటిలో ఎక్కువ. ఒక్కో మగకుక్కకి సుమారు 1.6 ఆడకుక్కలు.

వాటిలో 188 కుక్కల వంశవృక్షాలు దొరికితే వెనక్కి వెనక్కి వెళ్లి చూశారు. అన్నిటికీ ఒకే మగ పూర్వీకుడు ఉన్నాడని తేలింది. ఇందాక ఓడలూ తేదీలూ చెప్పింది అందుకే.

ఆ సగటు వయసులు మళ్లీ చూడండి. నాలుగున్నర, ఆరు. అప్పటికి ఆ కుక్కలు పిల్లల్ని కనేసి ఉంటాయి. తల్లి జబ్బు తెలిసేసరికి పిల్లలు ఇంకో ఇంట్లో పెరిగి, అవీ ఈడుకొస్తాయి. జబ్బు జాతి నిండా పాకింది ఎవరో మోసం చేయడం వల్ల కాదు, ఆలస్యంగా బయటపడడం వల్ల.

కిడ్నీలో లక్షల జల్లెడలున్నాయి. రక్తం వాటి గుండా పోతే నీళ్లు, వ్యర్థాలు కిందికి దిగుతాయి, ప్రోటీన్ పైన ఆగుతుంది. ఆ జల్లెడ కన్నాల్ని అల్లే దారాలు కొన్ని ప్రోటీన్లే. 2013లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఎన్‌పీహెచ్ఎస్1, కిర్రెల్2 అనే రెండు జన్యువుల్లో ఈ జాతికి సంబంధించిన మార్పులు కనిపెట్టారు. ఆ దారాల్ని తయారుచేసే జన్యువులవి. దారం సరిగా లేకపోతే జల్లెడ కన్నం వదులవుతుంది. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి పంపితే, ఆ మార్పుకి ఎన్ని ప్రతులున్నాయో చెప్పే పరీక్ష ఇప్పుడుంది. 0, 1, 2. రెండు ప్రతులున్న కుక్కకి ముప్పు అందరికన్నా ఎక్కువ. అయినా రెండున్నవన్నీ జబ్బు పడవు. తల్లికీ తండ్రికీ ఒక్కో ప్రతి ఉంటే, పుట్టే ఒక్కో పిల్లకీ రెండు ప్రతులొచ్చే అవకాశం 25 శాతం, ఒకటి వచ్చే అవకాశం 50, అసలు రాకపోయే అవకాశం 25. ఒకటి ఉన్నదాన్ని, ఏదీ లేనిదాన్ని జత కలిపితే రెండు ప్రతుల పిల్ల పుట్టదు. అందుకే ఆ మార్పున్న కుక్కలన్నిటినీ పక్కనపెట్టమని శాస్త్రవేత్తలు చెప్పరు. అలా చేస్తే ఇప్పటికే ఇరుకైన వంశం ఇంకా ఇరుకవుతుంది. జత చూసి కలపమంటారు.

బూరెకి ఒక ప్రతి ఉంది. అందుకే ఏడాదికోసారి కాదు, రెండుసార్లు గరిటె.

పరీక్ష పేరు మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి. ఒక్క ప్రోటీన్‌ని కొలిస్తే సరిపోదా అంటే సరిపోదు. కుక్క ఆ పొద్దున ఎక్కువ నీళ్లు తాగితే మూత్రం పలచబడి ప్రోటీన్ తక్కువగా కనిపిస్తుంది. క్రియాటినిన్ అనే వ్యర్థం రోజూ దాదాపు ఒకే మోతాదులో బయటికి పోతుంది. కాఫీలో ఎన్ని నీళ్లు కలిపినా, వేసిన చక్కెరకీ డికాక్షన్‌కీ ఉన్న లెక్క మారనట్టే, ఈ నిష్పత్తి కూడా నీళ్లతో మారదు. 0.2 లోపు ఉంటే నిశ్చింత. 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. 0.5 దాటి, మళ్లీ చూసినా అలాగే ఉంటే జల్లెడ కారుతోందని అర్థం.

మా వాళ్లు మొదట తీసుకెళ్లిన చోట ఏటా రక్తపరీక్ష ఒక్కటే చేసి, క్రియాటినిన్ బాగుంది కాబట్టి కిడ్నీలు బాగున్నాయని పంపేవారు. ఆ మాట విని ఊరుకోవడం ప్రమాదం. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీల పనితనంలో దాదాపు 75 శాతం పోయి ఉంటుంది. మూత్రంలో ప్రోటీన్ అంతకన్నా ఎంతో ముందే కనిపిస్తుంది. అప్పుడే పట్టుకుంటే రక్తపోటు మందులు, రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు, తిండిలో మార్పులతో చాలా కుక్కలకి కాలం కలిసొస్తుంది. ఆలస్యమైతే పొట్ట ఉబ్బడం, కాళ్లు వాయడం, వాంతులు, విపరీతమైన దాహం వస్తాయి. ప్రోటీన్‌తోపాటు రక్తాన్ని పలచగా ఉంచేవి కూడా కారిపోవడం వల్ల ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి, నిన్న ఆడిన కుక్క ఇవాళ పోయే సందర్భాలూ ఉన్నాయి.

రక్తపరీక్ష అక్కర్లేదని కాదు. మూత్రపరీక్షతో కలిపి చూస్తే ప్రోటీన్ ఎక్కడ కారుతోందో అదే చెబుతుంది. రక్తంలో ఉండే ప్రోటీన్లు అల్బుమిన్, గ్లోబ్యులిన్లలో అల్బుమిన్ ఒక్కటే పడిపోయి, కొలెస్ట్రాల్ పెరిగితే కిడ్నీ వైపు చూడాలి. రెండూ పడిపోయి కొలెస్ట్రాల్ కూడా తగ్గితే పేగు వైపు చూడాలి. ఈ జాతికి అడిసన్స్ అనే మరో జబ్బూ ఉంది. అడ్రినల్ గ్రంథి మందగించి సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. సోడియంని పొటాషియంతో భాగించినప్పుడు 27 కన్నా తక్కువ వస్తే అనుమానించాలి. కాగితం మీద ఈ నాలుగైదు అంకెలు ఎక్కడున్నాయో గుర్తుపట్టడం యజమానికి రావాలి. ఏటా ఒకే ఫైలులో పెట్టుకుంటే ఏది పాకుతోందో, ఏది జారుతోందో కంటికి ఆనుతుంది.

మన వంటిల్లు, మన ఎండ

16 కిలోల కుక్కకి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, రోజూ గంటసేపు తిరిగేదైతే, రోజుకి సుమారు 900 కేలరీలు కావాలి. ఒక పెద్ద చెంచా నెయ్యి 120 కేలరీలు. అంటే "పాపం, ముద్దలో కాస్త నెయ్యి" అని మనం వేసేది దాని రోజు తిండిలో 13 శాతం. రోజుకి 2,000 కేలరీలు తినే మనిషి రెండు పెద్ద చెంచాల పైన నెయ్యి అదనంగా తాగినట్టు. పేగులు సున్నితమైన జాతికి కొవ్వు ఇంకా చేటు.

ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాల్ని పగలగొడతాయి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లమని ఇప్పుడు పశువైద్యులు అనుమానిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. కాబట్టి సాంబారన్నం, పులిహోర, పరమాన్నంలో కిస్మిస్, మూడూ దానికి దూరం. కిడ్నీ బలహీనమైన జాతి కదా. ప్రేమ చూపాలనుకున్న తాతయ్యలకి, అమ్మమ్మలకి నా సలహా, ఉప్పు వేయని ఉడికించిన క్యారెట్ ముక్క. బూరె దానికోసం నా కుర్చీ పక్కనే కాపలా ఉండేది.

ఈ కుక్కని తీసుకుని తిరిగి మన దేశం వచ్చేద్దామనుకునేవాళ్లకి రెండు మాటలు. రెండేళ్ల పైన విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవాళ్లు రెండు పెంపుడు జంతువుల దాకా తెచ్చుకునే వీలుంది. కేంద్ర జంతు క్వారంటైన్ విభాగం అనుమతి పత్రం ముందే కావాలి. ఆ విభాగం కార్యాలయం హైదరాబాదులోనూ ఉంది. రేబిస్ టీకా ప్రయాణానికి కనీసం 30 రోజుల ముందు పడి ఉండాలి. ఇవి కాగితాల పనులు, అయిపోతాయి. కాగితాలతో అవనిది ఎండ. కెర్రీలో జూలై పగటి ఉష్ణోగ్రత కూడా మామూలుగా 20 డిగ్రీలలోపే. బెజవాడలో మే నెల 40 దాటుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నడక తెల్లవారక ముందు, మళ్లీ చీకటి పడ్డాకే. తారురోడ్డు మీద మీ అరచేయి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు.

ఇంకొకటి, ఎండకన్నా ముఖ్యమైనది. మన ఊళ్లలో కుక్కల ఒంటిమీద పిడుదులు సర్వసాధారణం. గోమార్లని కూడా అంటారు. వాటివల్ల వచ్చే ఎర్లిచియా జ్వరం కూడా మూత్రంలో ప్రోటీన్ పోగొడుతుంది. కాబట్టి మన దగ్గర ఒక వీటన్‌కి నిష్పత్తి 0.5 దాటితే, వంశపు జబ్బని నిర్ణయించుకునే ముందు పిడుదుల జ్వరానికి పరీక్ష చేయించాలి. అదైతే డాక్సీసైక్లిన్ మందు మామూలుగా 28 రోజులు వాడితే తగ్గేది. దట్టమైన బొచ్చులో పిడుదు కంటికి కనబడదు. రోజూ పాయ తీసి దువ్వే చెయ్యే దాన్ని పట్టుకుంటుంది. దువ్వెన అందానికే అనుకుంటే పొరపాటు.

పిల్లని తెచ్చుకునే ముందు

పిల్ల ముద్దుగా ఉందా, బొమ్మలా చూస్తోందా అన్నవి ఎలాగూ చూస్తారు. ముందు తల్లినీ తండ్రినీ చూపించమనండి. వాటి వయసు అడగండి. రెండిటికీ జన్యు పరీక్ష ఫలితం సున్నానా, ఒకటా, రెండా అని కాగితం మీద చూపించమనండి. గడిచిన 12 నెలల్లో చేయించిన మూత్ర నిష్పత్తి, అల్బుమిన్ చూపించమనండి. తాతా అమ్మమ్మా బతికున్నాయా, పోతే ఎన్నేళ్లకి, దేనివల్ల అని అడగండి. జబ్బు ఆరేళ్లకి బయటపడే జాతిలో, రెండేళ్ల తల్లి ఆరోగ్యం కన్నా పన్నెండేళ్ల అమ్మమ్మ బతికుండడం పెద్ద భరోసా. ఈ ప్రశ్నలకి నొచ్చుకునేవాళ్ల దగ్గర పిల్లని తీసుకోకండి. మంచి పెంపకందారు అడగకముందే ఆ ఫైలు తెచ్చి మీ ముందు పెడతారు, తిరిగి మిమ్మల్ని అడుగుతారు: రోజూ 20 నిమిషాలు దువ్వగలరా అని. ఆ ప్రశ్నకి ఇంట్లో అందరూ కూర్చుని నిజాయితీగా జవాబు చెప్పుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

బూరెకి ఇప్పుడు ఏడేళ్లు. జబ్బుపడ్డ వీటన్ల సగటు వయసులు రెండూ దాటింది. పోయిన నెల గరిటెతో పట్టిన మూత్రంలో నిష్పత్తి 0.1.